నాకేంటి, బాగానే ఉన్నాగా! మగవాళ్లకి డాక్టరుతో పనేంటి?

మా పెదనాన్నగారి అబ్బాయి గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తా. వయసు 46. సీజన్ మొదలైందంటే తెల్లవారకముందే యార్డుకి వెళ్లి, టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు దింపించి, కాటా దగ్గర నిలబడి, రైతులకి చీటీలు రాసి ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిది దాటుతుంది. ఒక ఫిబ్రవరిలో దవడ పన్ను సలుపు తట్టుకోలేక పీకించుకుందామని పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాడు. ఆ డాక్టరమ్మ మత్తు ఇంజెక్షన్ ఇచ్చే ముందు బీపీ చూసింది. పట్టీ విప్పేసి, పది నిమిషాలు ఊరికే కూర్చోమని, మళ్లీ చూసింది. 182/114. "పన్ను సంగతి తర్వాత చూద్దామండీ, ముందు ఫిజీషియన్‌ని కలవండి" అని పంపేసింది. అన్నయ్య బయటికొచ్చి నాకు ఫోన్ చేశాడు. గొంతులో భయం కన్నా కోపం ఎక్కువగా ఉంది. "పన్ను నొప్పని వెళ్తే బీపీ అంటుందేంట్రా? నాకేంటి, బాగానే ఉన్నాగా!"

నొప్పి వల్ల కూడా బీపీ పెరుగుతుంది. అందుకని ఆ ఒక్క అంకె పట్టుకుని జబ్బు ఉందని తేల్చెయ్యకూడదు. కానీ పన్ను నొప్పి తగ్గాక, వారం తేడాతో రెండుసార్లు చూసినా పై అంకె 160 కిందికి రాలేదు. మూత్రంలో కొద్దిగా ప్రొటీన్ కూడా పోతోంది, కిడ్నీల మీద బీపీ దెబ్బ పడిందనడానికి అదొక గుర్తు. అంటే ఈ బీపీ ఆ నెలలో వచ్చింది కాదన్నమాట. ఎన్నేళ్ల కిందట మొదలైందో మాత్రం ఎవరూ చెప్పలేరు. పళ్ల డాక్టరు కుర్చీలో కూర్చునేదాకా, 46 ఏళ్లలో ఆయన చేతికి బీపీ పట్టీ చుట్టినవాళ్లే లేరు.

"బాగానే ఉన్నా" అన్నప్పుడు అన్నయ్య అబద్ధమేం చెప్పలేదు. ఆయనకి నిజంగానే బాగుంది. చిక్కంతా అక్కడే ఉంది. జ్వరం వస్తే ఒళ్లు కాలుతుంది, కాలు విరిగితే నొప్పి పుడుతుంది. నలభైల్లో, యాభైల్లో మగవాళ్లని పడగొట్టే జబ్బులకి మాత్రం మొదటి చాలా ఏళ్లు ఏ బాధా ఉండదు. రక్తనాళంలో ఒత్తిడి పెరిగితే తెలియజెప్పే నొప్పి మన ఒంట్లో లేదు. తలనొప్పి వస్తేనే బీపీ అని చాలామంది అనుకుంటారు గానీ, బీపీ ఉన్నవాళ్లలో ఎక్కువమందికి తలనొప్పే రాదు. షుగరు సంగతీ ఇంతే. రక్తంలో చక్కెర దాదాపు 180 దాటితే గానీ కిడ్నీలు దాన్ని మూత్రంలోకి వదలవు. దాహం, మాటిమాటికీ మూత్రానికి లేవడం లాంటివి మొదలయ్యేది ఆ తర్వాతే. అంటే 130 దగ్గరో 150 దగ్గరో ఏళ్ల తరబడి ఉన్న మనిషికి తేడాయే తెలియదు. కిడ్నీలైతే మరీ ఓర్పు గలవి. సగం దాకా పని పోయినా రక్త పరీక్షలో క్రియాటినిన్, అంటే కిడ్నీల పనితీరు చెప్పే అంకె, పెద్దగా కదలదు.

బైకు మీద కూర్చునే మగవాళ్లు

సాయంత్రం ఆరు దాటాక గుంటూరు కొత్తపేటలో ఆస్పత్రుల వీధుల వెంట నడవండి. క్లినిక్కుల బయట బైకుల మీద కూర్చుని మగవాళ్లు ఎదురుచూస్తుంటారు. చేతిలో ఫైలు ఉంటుంది. అది భార్యదో, అమ్మదో, పిల్లాడిదో అయి ఉంటుంది. విజయవాడ సూర్యారావుపేటలోనూ ఇదే కనిపిస్తుంది. ఇంట్లో ఎవరికి ఏమొచ్చినా బండి తీసేది వాళ్లే, డబ్బు కట్టేది వాళ్లే, లోపలికి వెళ్లి డాక్టరు ముందు కూర్చునేది మాత్రం వాళ్లు కాదు.

దీన్ని మగవాళ్ల మొండితనం అని కొట్టిపారేయడం తేలిక. నాకు అంతకన్నా లోతైన కారణం కనిపిస్తుంది. ఆడవాళ్లకి గర్భం వచ్చిందంటే ప్రతి చెకప్పులో బరువు, బీపీ, మధ్యమధ్యలో రక్తం, మూత్రం చూస్తారు. కాన్పు తర్వాత బిడ్డ టీకాలకి మళ్లీ మళ్లీ వెళ్తారు. ఇష్టం ఉన్నా లేకున్నా ఇరవైల్లోనే వాళ్లకి ఆస్పత్రితో పరిచయం అవుతుంది. మగవాడికి అలాంటి సందర్భమే లేదు. పదహారేళ్ల వయసులో వేసే ధనుర్వాతం టీకా తర్వాత, మళ్లీ ఏదో ఒకటి ముంచుకొచ్చేదాకా ముప్ఫై ఏళ్లు ఖాళీ. ఆ ముప్ఫై ఏళ్లలోనే బీపీ, షుగరు, సిగరెట్టు, మందు, పొట్ట అన్నీ వచ్చి చేరతాయి. 2016-20 లెక్కల ప్రకారం మన దేశంలో ఆడవాళ్ల సగటు ఆయుర్దాయం 71.4 ఏళ్లు, మగవాళ్లది 68.6. ఈ తేడాకి పొగాకు, మద్యం, రోడ్డు ప్రమాదాలు, పుట్టుకతో వచ్చే శరీర ధర్మం ఇలా చాలా కారణాలున్నాయి. ఆ ముప్ఫై ఏళ్ల ఖాళీ కూడా అందులో ఒకటని నా నమ్మకం.

ఇంకో కారణం డబ్బు. యార్డులో టిక్కీలు మోసే హమాలీకి ఒక పూట క్లినిక్కులో కూర్చుంటే ఆ పూట కూలి పోతుంది. ఒళ్లు నొప్పులకి మందుల షాపులో రెండు బిళ్లలు కొనుక్కుని మింగేసి మళ్లీ పనిలోకి దిగుతాడు. ఆ నొప్పి బిళ్లలు రోజూ మింగితే బీపీని పెంచుతాయి, కిడ్నీల మీద దెబ్బ కొడతాయి. వాటి గురించి అతనికి చెప్పే మనిషి దారిలో ఎక్కడా ఎదురుపడడు. "వెళ్తే ఏదో ఒకటి అంటగడతార్లే" అన్న అనుమానం కూడా ఉంది. అది ఊరికే పుట్టిన అనుమానం కాదు. దాని గురించి వివరంగానే మాట్లాడుకోవాలి.

ఎనభై పరీక్షల ప్యాకేజీ ఎవరికి మేలు?

ఇప్పుడు ఎక్కడ చూసినా ఫుల్ బాడీ చెకప్ ప్రకటనలే. ఒక్క రక్త నమూనాతో అరవై పరీక్షలు, ఎనభై పరీక్షలు, పండగ ఆఫరు. పన్ను సంగతి తర్వాత అన్నయ్య కూడా ముందు అదే చేయించుకుందామన్నాడు. అంతా ఒకేసారి చూపించేసుకుంటే పీడా వదిలిపోతుందని ఆయన లెక్క.

ఇక్కడొక ముడి ఉంది, మెల్లగా విప్పాలి. జబ్బు లక్షణాలేమీ లేని జనానికి మూకుమ్మడి హెల్త్ చెకప్‌లు చేస్తే మరణాలు తగ్గుతాయా అని వైద్య పరిశోధనల్ని ఒకచోట చేర్చి తూకం వేసే కాక్రేన్ సంస్థ పరిశోధకులు ఎన్నో అధ్యయనాల్ని కలిపి చూశారు. 2012లో ఒకసారి, 2019లో ఇంకోసారి. రెండుసార్లూ తేలిందేమిటంటే, అలాంటి చెకప్‌ల వల్ల మొత్తం మరణాల్లో చెప్పుకోదగ్గ తగ్గుదల లేదు. ఈ మాట వినగానే "చూశావా, నేను చెప్పలేదూ" అనే బాబాయిలు ప్రతి ఇంట్లో ఉంటారు. కానీ దీన్ని ఇంకో అధ్యయనం పక్కన పెట్టి చూడాలి. ఒకే డాక్టరు దగ్గరికి ఏళ్ల తరబడి వెళ్లేవాళ్ల పరిస్థితి ఎలా ఉంటుందో చూసిన 22 పరిశోధనల్ని 2018లో బ్రిటన్ వాళ్లు ఒకచోట చేర్చారు. వాటిలో 18 పరిశోధనల్లో మరణాలు తక్కువగా కనిపించాయి. అలా వెళ్లేవాళ్లు మొదట్నుంచీ జాగ్రత్తపరులు కావడం కూడా అందుకు కొంత కారణం కావచ్చు. అయినా ఈ రెండింటినీ కలిపి చదివితే నాకు అర్థమైంది ఇది: ఒక రోజు పరీక్షల పండగ చేసుకుంటే ఒరిగేది కొంచెమే, మనల్ని ఎరిగిన డాక్టరు దగ్గరికి క్రమం తప్పకుండా వెళ్తే ఒరిగేది ఎక్కువ.

ఎందుకలా అంటే, పరీక్షలు ఎక్కువైనకొద్దీ తప్పుడు గంటలు మోగుతాయి. లాబ్ రిపోర్టులో పక్కన ఉండే నార్మల్ హద్దుల్ని చాలా పరీక్షలకి ఎలా గీస్తారో తెలుసా? ఆరోగ్యంగా ఉన్న వందమందిలో మధ్యలో ఉండే 95 మంది అంకెల్ని తీసుకుంటారు. అంటే ఏ జబ్బూ లేని వందమందిలో ఐదుగురు లెక్క ప్రకారమే హద్దు బయట పడతారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఇరవై పరీక్షలు చేస్తే, పూర్తి ఆరోగ్యవంతుడికి కూడా ఏదో ఒకటి తేడాగా వచ్చే అవకాశం 64 శాతం. ఎనభై చేస్తే ఏదీ తేడా రాకపోవడమే వింత. ఆ నల్లగా మందంగా అచ్చైన అంకె చూసి రాత్రంతా టెన్షన్, పొద్దున్నే ఇంకో పరీక్ష, దాని మీద ఇంకో స్కానింగు. చివరికి ఏమీ లేదని తేలుతుంది, జేబు ఖాళీ అవుతుంది. "ఇదంతా దోపిడీ" అన్న నమ్మకం గట్టిపడి, ఆ మనిషి మళ్లీ పదేళ్లు డాక్టరు ముఖం చూడడు. నిజంగా పట్టించుకోవాల్సిన బీపీ ఆ ఎనభై అంకెల్లో ఉండనే ఉండదు. అది రక్తం చుక్కలో కనపడేది కాదు కదా.

తెలిసిన డాక్టరు చేసే పని వేరు. ఉదాహరణకి పరగడుపు షుగరు ఒకరికి మొదటి ఏడాది 88, తర్వాత 94, ఆ తర్వాత 99 వచ్చిందనుకోండి. వందలోపే కాబట్టి ఏ ఏడాదికి ఆ ఏడాది రిపోర్టు నార్మల్ అనే చెబుతుంది. మూడింటినీ వరసగా చూసినవాడికి మాత్రం మెట్లు ఎక్కుతున్న సంగతి తెలుస్తుంది. ఈ వరస కోసమే మళ్లీ మళ్లీ వెళ్లాలి. వరస తెలియాలంటే పాత కాగితాలు కావాలి. మన ఇళ్లలో పొలం కాగితాలు, బండి కాగితాలు బీరువాలో భద్రంగా ఉంటాయి గానీ, పోయినేటి రిపోర్టు ఏదని అడిగితే అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు.

పట్టీ చుట్టే పద్ధతి

అన్నయ్యతో పాటు నేనూ ఫిజీషియన్ దగ్గరికి వెళ్లాను. బీపీ చూడటంలోనే ఇంత పని ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది. "టీ తాగి ఎంతసేపైంది? సిగరెట్టు కాల్చారా?" అని అడిగారాయన. ఇప్పుడే తాగొచ్చానంటే అరగంట ఆగమన్నారు. బాత్‌రూముకి వెళ్లి రమ్మన్నారు, నిండిన మూత్రాశయం కూడా అంకెని పెంచుతుందట. వీపు కుర్చీకి ఆనించి, కాలు మీద కాలు తీసేసి, పాదాలు నేల మీద ఆనించి ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోబెట్టారు. చొక్కా చెయ్యి పైకి చుడుతుంటే ఆపి, చెయ్యి పూర్తిగా బయటికి తీయించారు. పైకి చుట్టిన బట్ట చేతిని బిగిస్తే అంకె మారిపోతుంది. మోచేతిని బల్ల మీద, గుండె ఎత్తుకి సరిగ్గా పెట్టారు. అన్నయ్య చెయ్యి లావు కాబట్టి సొరుగులోంచి పెద్ద పట్టీ తీశారు. చిన్న పట్టీ చుడితే లేని బీపీ ఉన్నట్టు చూపిస్తుంది. రెండుసార్లు చూసి, రెండూ రాశారు.

క్లినిక్కులో 140/90 ఆ పైన వేర్వేరు రోజుల్లో వస్తే బీపీ ఉందంటారు. డాక్టర్ని చూడగానే పెరిగే బీపీ కొంతమందికి ఉంటుంది కాబట్టి ఇంట్లో కూడా చూసుకోమంటారు. ఇంటి దగ్గర హద్దు కాస్త తక్కువ, 135/85. చేతికి పట్టీ చుట్టే మిషను ఒకటి కొనుక్కుని, వారం రోజులు పొద్దున, సాయంత్రం ఒక నోట్‌బుక్కులో రాసుకెళ్తే డాక్టరుకి ఎంత సాయమో చెప్పలేను.

తర్వాత వచ్చేది అసలు గండం, బిళ్ల మొదలుపెట్టడం. "ఒకసారి మొదలుపెడితే జీవితాంతం అలవాటైపోతుంది", "ఆ బిళ్లలకి కిడ్నీలు పోతాయి" అని యార్డులో టీ కొట్టు దగ్గర అన్నయ్యకి పదిమంది చెప్పారు. నిజం తలకిందులుగా ఉంది. కిడ్నీలోని సన్నటి నాళాల్ని పాడు చేసేది అదుపులో లేని బీపీ. మూత్రంలో ప్రొటీన్ పోయేవాళ్లకి డాక్టర్లు రాసే కొన్ని బీపీ మందులు కిడ్నీని కాపాడతాయి కూడా. మొదట్లో పొటాషియం, క్రియాటినిన్ ఒకసారి చూసుకోవాలి, అందుకే మళ్లీ రమ్మంటారు. బిళ్ల వేసుకుని రెండు నెలలకి 128/82 వచ్చింది. అన్నయ్య వెంటనే ఆపేశాడు. "నార్మల్ వచ్చేసిందిగా!" అది బిళ్ల వల్ల వచ్చిన నార్మల్ అని ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాలి. ఆ చెప్పే పని మందుల చీటీ చెయ్యలేదు, మళ్లీ వెళ్లినప్పుడు డాక్టరు చేశారు.

ఉప్పు మాట కూడా ఆ రెండోసారే వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకి 5 గ్రాముల లోపు అంటుంది, అంటే ఒక చెంచాడు. ఆవకాయ, గోంగూర పచ్చడి, చల్ల మిరపకాయలు, అప్పడం వరసగా పళ్లెంలోకి వచ్చే మన ఇళ్లలో ఆ చెంచా మధ్యాహ్నానికే అయిపోతుంది. పచ్చడి మానెయ్యమని ఆ డాక్టరు అనలేదు. పెరుగన్నంలోకి ఉప్పు వేసుకోవడం, దాంట్లో పచ్చడి నంజుకోవడం, రెండింటిలో ఒకటే ఎంచుకోండి అన్నారు. అన్నయ్య పచ్చడి ఉంచుకున్నాడు.

లాస్ ఏంజెలెస్‌లో జరిగిన ఒక ప్రయోగం గురించి చెప్పాలి. అక్కడి నల్లజాతి మగవాళ్లలో బీపీ ఎక్కువ, డాక్టరు దగ్గరికి వెళ్లడం తక్కువ. పరిశోధకులు వాళ్లు క్రమం తప్పకుండా వెళ్లే చోటు ఏదా అని వెతికి, 52 సెలూన్లు ఎంచుకున్నారు. 319 మంది పాల్గొన్నారు. కొన్ని సెలూన్లకి ఫార్మసిస్టులే వచ్చి బీపీ చూసి, డాక్టర్లతో ముందుగా కుదుర్చుకున్న పద్ధతిలో అక్కడే మందులు రాశారు. మిగతా చోట్ల క్షవరం చేసేవాళ్లే నాలుగు మంచి మాటలు చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్లమన్నారు. 2018లో ఫలితాలు వచ్చాయి. ఆరు నెలల్లో మొదటివాళ్లకి పై అంకె సగటున 27 తగ్గింది, రెండోవాళ్లకి 9. మగవాళ్లు వినరు అన్న మాటకి ఇంతకన్నా మంచి జవాబు నాకు దొరకలేదు. వాళ్లు కూర్చునే చోటికి, వాళ్లు నమ్మే మనిషి పక్కకి వెళ్తే వింటారు. మన ఆటోనగర్ షెడ్లలో, మిర్చి యార్డు గేటు దగ్గర నెలకోసారి ఎవరైనా ఇలా కూర్చుంటే ఎంత బాగుండు అని ఆ లెక్కలు చదివినప్పుడల్లా అనిపిస్తుంది.

షుగరు, పొట్ట, గుండె

2023లో వెలువడిన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) సర్వే మన దేశంలో 10.1 కోట్ల మందికి షుగరు ఉందని, ఇంకో 13.6 కోట్ల మంది దాని గడప మీద ఉన్నారని అంచనా వేసింది. గడప మీదున్నవాళ్లే నా దృష్టిలో ముఖ్యం, వెనక్కి రాగలిగేది వాళ్లే. పరగడుపున 100 నుంచి 125, మూడు నెలల షుగరు పరీక్షలో 5.7 నుంచి 6.4 ఉంటే ఆ గడప మీద ఉన్నట్టు. 126, 6.5 లేదా ఆ పైన ఉంటే లోపలికి వెళ్లినట్టు. ఎర్ర రక్తకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది, అన్నాళ్లూ దానికి చక్కెర అంటుకుంటూ ఉంటుంది. అందుకే ఆ పరీక్ష గడిచిన రెండు మూడు నెలల కథ చెబుతుంది. ముందు రోజు ఉపవాసం ఉండి దాన్ని మోసం చెయ్యలేం. రక్తహీనత ఉన్నవాళ్లలో అది తప్పు చెప్పొచ్చు కాబట్టి మామూలు పరీక్ష కూడా కావాలి. అన్నం ఎక్కువ తినే మనలో చాలామందికి పరగడుపున బాగానే ఉండి, తిన్న రెండు గంటలకి పెరిగి ఉంటుంది. అందుకని రెండూ చూపించుకోవడం మంచిది. గడప మీదున్నవాళ్లు నడక, తిండి మార్చుకుంటే ఏమవుతుందో చెన్నైలో మూడేళ్లు చూశారు. 2006లో వచ్చిన ఆ ఫలితాల్లో, అలవాట్లు మార్చుకున్నవాళ్లలో షుగరు ముప్పు 28 శాతం పైగా తగ్గింది. నడక రోజుకి అరగంట. గుంటూరు ఎన్టీఆర్ స్టేడియం చుట్టూ పొద్దున్నే నడిచేవాళ్లు చేస్తున్నది అంతే.

ఇంట్లో టైలరింగ్ టేపు ఉంటే ఇంకో పరీక్ష పైసా ఖర్చు లేకుండా అయిపోతుంది. బొడ్డు ఎత్తున పొట్ట చుట్టుకొలత మగవాళ్లకి 90 సెంటీమీటర్లు దాటకూడదు, అంటే ముప్ఫై అయిదున్నర అంగుళాల లోపు. ప్యాంటు సైజు చూసి మోసపోవద్దు, మనం ప్యాంటు పొట్ట కింద కదా కట్టేది. చేతులు, కాళ్లు సన్నగా ఉండి పొట్ట ఒక్కటే ముందుకొచ్చిన మనిషిని మనవాళ్లు లావు అనరు. ఆ పొట్టలోపల, పేగుల చుట్టూ, లివరు మీద పేరుకునే కొవ్వే షుగరుకీ గుండెజబ్బుకీ దారి వేస్తుంది.

గుండె విషయంలో మనకి తొందర ఎక్కువ. 52 దేశాల్లో చేసిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో, మన దక్షిణాసియా వాళ్లకి మొదటి గుండెపోటు వచ్చిన వయసు మధ్యస్థంగా 53, మిగతా వాళ్లకి దాదాపు 59. మగవాళ్ల గుండెపోట్లలో 90 శాతం ముప్పుకి కారణం తొమ్మిది విషయాలేనని కూడా ఆ అధ్యయనం చెప్పింది. పొగ, కొలెస్ట్రాల్, బీపీ, షుగరు, పొట్ట, మానసిక ఒత్తిడి, కూరగాయలూ పండ్లూ తినకపోవడం, కదలకపోవడం, మద్యం అలవాట్లు. ఒక్కటి కూడా దాచిపెట్టిన రహస్యం కాదు.

ఇక్కడ ఒక ప్రమాదకరమైన ధైర్యం గురించి చెప్పాలి. "మొన్ననే ఈసీజీ తీయించా, క్లీన్‌గా ఉంది" అన్న మాట చాలాసార్లు విన్నాను. ఈసీజీ ఆ క్షణంలో గుండె కరెంటు ఎలా పారుతోందో చూపిస్తుంది. నాళంలో కొవ్వు ఎంత పేరుకుందో అది చెప్పలేదు. చాలా గుండెపోట్లు సగం కూడా మూసుకుపోని చోటే వస్తాయి. అక్కడి కొవ్వు పొర చిట్లి, దాని మీద రక్తం గడ్డకట్టి, నిమిషాల్లో నాళం మూసుకుపోతుంది. ముందు రోజు ఈసీజీ నిజంగానే బాగుండి ఉండొచ్చు. ఆ పొరని గట్టిగా నిలబెట్టేవి బీపీ అదుపు, చెడు కొలెస్ట్రాల్ తగ్గించడం, సిగరెట్టు మానడం. ఛాతీలో బరువుగా నొక్కేస్తున్నట్టుండి, చెమటలు పట్టి, దవడకో ఎడమ చేతికో పాకితే అది గ్యాస్ అనుకుని సోడా తాగుతూ కూర్చోవద్దు, 108కి ఫోన్ చెయ్యాలి.

మగవాళ్లు ఎవరికీ చెప్పుకోని ఒక సంగతి కూడా ఇందులోదే. అంగస్తంభన సరిగా లేకపోవడం. సిగ్గుతో గోడల మీద పోస్టర్లు చూసి ఎవరెవరి దగ్గరికో వెళ్లి డబ్బు పోసుకుంటారు. అక్కడి రక్తనాళాలు గుండె నాళాల కన్నా బాగా సన్నవి, అందుకే అవి ముందు పూడుకుంటాయి. నలభైల్లో ఈ సమస్య మొదలైతే అది కొన్నేళ్ల తర్వాత రాబోయే గుండెజబ్బుకి ముందస్తు కబురు కావొచ్చు. కబురు అందించిన చోటునే దాచేసుకుంటున్నాం. మామూలు ఫిజీషియన్‌కి ఈ మాట చెబితే ఆయన ఆశ్చర్యపోడు, బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ చూస్తాడు.

గురక కూడా చెప్పాల్సినదే. గట్టిగా గురకపెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేస్తుంటే, పగలు కునికిపాట్లు పడుతుంటే నిద్రలో శ్వాస ఆగే జబ్బు ఉండొచ్చు. రెండు మూడు బిళ్లలు వేసినా బీపీ లొంగనివాళ్లలో ఇది తరచూ బయటపడుతుంది. లారీ నడిపేవాళ్లకి ఇది ప్రాణాల మీది సంగతి. దీని గురించి సరిగ్గా చెప్పగలిగేది పక్కన పడుకునే భార్య, కాబట్టి డాక్టరు దగ్గరికి ఆమెని కూడా తీసుకెళ్లండి.

నోరు తెరిచి చూడటం

పొగాకు బోర్డు ఆఫీసు గుంటూరులోనే ఉంది. ఆ పంట మీద బతికే కుటుంబాలు చుట్టూ ఎన్నో ఉన్నాయి. అందుకే ఈ మాట ఇక్కడ చెప్పడం కష్టం, చెప్పకపోవడం ఇంకా కష్టం. మన దేశంలో మగవాళ్లకి అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే క్యాన్సర్ నోటి క్యాన్సర్. ఖైనీ, గుట్కా, సిగరెట్టు, బీడీ, చుట్ట, వీటితో పాటు మద్యం. అదృష్టం ఏమిటంటే దీన్ని పట్టుకోవడానికి మిషను అక్కర్లేదు. కేరళలో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి టార్చిలైటు వెలుగులో నోళ్లు చూశారు. 2005లో వచ్చిన ఫలితాల్లో, పొగాకు లేదా మద్యం అలవాటున్నవాళ్లలో నోటి క్యాన్సర్ మరణాలు మూడో వంతు తగ్గాయి.

అద్దం ముందు నిలబడి మీరే చూసుకోవచ్చు. బుగ్గ లోపల, నాలుక పక్కలు, నాలుక కింద, అంగిలి. చెరిగిపోని తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, రెండు మూడు వారాలైనా మానని పుండు ఉంటే వెంటనే వెళ్లాలి. మూడు వేళ్లు నిలువుగా పేర్చి నోట్లో పెట్టుకోండి. అవి పట్టకపోతే వక్క, గుట్కా తిని బుగ్గల లోపలి పొర గట్టిపడిందేమోనని అనుమానించాలి. కారం తగిలితే నోరు భగ్గుమనడం దీని తొలి గుర్తు. గుంటూరు కారం తిని పెరిగిన మనిషి, "ఈమధ్య కారం తినలేకపోతున్నా" అన్నాడంటే అది వినాల్సిన మాట.

ప్రోస్టేట్, అంటే మగవాళ్లకి మూత్రాశయం కింద ఉండే గ్రంథి గురించి ఒక జాగ్రత్త. ప్యాకేజీల్లో ముప్ఫై అయిదేళ్లవాళ్లకి కూడా ఆ గ్రంథి క్యాన్సర్‌ని వెతికే పీఎస్ఏ అనే రక్త పరీక్ష చేసేస్తున్నారు. అది క్యాన్సర్ ఒక్కదానికే పెరిగేది కాదు. ఇన్‌ఫెక్షన్ ఉన్నా, వయసుతో గ్రంథి ఉబ్బినా పెరుగుతుంది. యాభై అయిదు ఆ పైన ఉన్నవాళ్లు, ఇంట్లో ఎవరికైనా ఆ క్యాన్సర్ వచ్చి ఉంటే ఇంకాస్త ముందే, దాని లాభనష్టాలు డాక్టరుతో మాట్లాడుకుని చేయించుకోవాల్సిన పరీక్ష అది. మలంలో రక్తం పడితే మాత్రం మొలలేలే అని మీకు మీరే తేల్చుకోవద్దు.

మనసు సంగతి కూడా డాక్టరుతో చెప్పదగ్గదే. మన దేశంలో ఆత్మహత్య చేసుకునే ప్రతి పదిమందిలో ఏడుగురు మగవాళ్లు. నిద్ర పట్టడం లేదు, తిండి సయించడం లేదు, దేని మీదా ఆసక్తి లేదు అని బీపీ చూపించుకునేటప్పుడే చెప్పొచ్చు. ఎవరికీ చెప్పలేకపోతే మానసిక సమస్యలకి ప్రభుత్వం పెట్టిన టెలి మానస్ నంబరు 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు.

ఎక్కడికి, ఎన్నాళ్లకి

ముప్ఫై దాటిన ప్రతి ఒక్కరికీ బీపీ, షుగరు, నోటి పరీక్ష ఉచితంగా చెయ్యాలన్నది కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం. ఊళ్లో ఆరోగ్య కేంద్రం, బస్తీలో పట్టణ ఆరోగ్య కేంద్రం, ఊరికి వచ్చే 104 బండి, వీటిలో ఏదైనా చాలు. ఆరోగ్యశ్రీ 2007లో వచ్చాక గుండె ఆపరేషన్‌కి పొలం అమ్ముకునే బాధ చాలా కుటుంబాలకి తప్పింది. ఆ పథకం పెద్ద జబ్బు వచ్చి ఆస్పత్రిలో చేరాక ఆదుకుంటుంది. చేరకుండా చూసుకునే పని ఆ చిన్న కేంద్రంలో, ఆ పట్టీ దగ్గర జరగాలి.

అన్నీ బాగున్నవాళ్లకి ఏడాదికోసారి చాలు, పుట్టినరోజో సంక్రాంతి సెలవులో ఏదో ఒక గుర్తు పెట్టుకుంటే సరి. బీపీ, బరువు, పొట్ట కొలత, షుగరు, నోరు. కొలెస్ట్రాల్ ఒకసారి చూసి, బాగుంటే నాలుగైదేళ్లకి మళ్లీ. బీపీ, షుగరు ఉన్నవాళ్లకి ఎన్నాళ్లకోసారి అన్నది డాక్టరు చెబుతారు. వాళ్లు క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ కూడా ఏటా చూపించుకోవాలి. షుగరుంటే కళ్లు, పాదాలు కూడా.

మొదటిసారి వెళ్లేముందు ఇంట్లో ఒక పని చేసుకుని వెళ్లండి. అన్నయ్యని ఆ ఫిజీషియన్ అడిగిన మొదటి ప్రశ్న బీపీ గురించి కాదు. "మీ నాన్నగారు ఏ వయసులో పోయారండీ?" అని. నాన్నకో అన్నదమ్ములకో 55 ఏళ్లలోపు, అమ్మకో అక్కచెల్లెళ్లకో 65 లోపు గుండెజబ్బు వచ్చి ఉంటే మన ముప్పు పెరుగుతుంది. పెదనాన్న అరవై ఏడేళ్ల వయసులో పోయాడు. తాతయ్య సంగతి అడిగితే ఇద్దరం తెల్లముఖం వేశాం. ఇంటికొచ్చి పెద్దమ్మని అడిగాం. "మీ తాతయ్యకేం జబ్బురా, ఒక్క రోజు మంచాన పడ్డవాడు కాదు. మిరప కోతల రోజుల్లో పొలం నుంచి వచ్చి, గుండెల్లో మంటగా ఉందని మజ్జిగ తాగి పడుకున్నాడు. పొద్దున లేవలేదు" అంది. ఎన్నేళ్లు అప్పటికి అంటే, వేళ్ల మీద లెక్కపెట్టింది. నలభై తొమ్మిదో, యాభయ్యో. అన్నయ్య తన నోట్‌బుక్కులో, బీపీ అంకెల పైన ఖాళీగా ఉన్న చోట, అది రాసుకున్నాడు.